ఎంజీబీ ఇంజిన్ మార్చడం ఎలా: ఇంటి గ్యారేజీలో, ఇద్దరు మనుషులతో

మా ఎంజీబీ స్పోర్ట్స్ కారులోంచి పాత ఇంజిన్ క్రేన్‌కి వేలాడుతూ బయటికి రావడానికి పట్టింది నలభై నిమిషాలు. దాన్ని అక్కడిదాకా తేవడానికి రెండు శని-ఆదివారాలు పట్టాయి. కొత్తది లోపల కూర్చోబెట్టి స్టార్ట్ చేయడానికి ఇంకో మూడు. అందులో ఒకటి పూర్తిగా నా తప్పువల్ల పోయింది, అది ఎలాగో కింద చెబుతాను. వీడియోల్లో క్రేన్ ఎత్తే ఆ నలభై నిమిషాలే బాగా చూపిస్తారు. మీరు జాగ్రత్త పడాల్సింది మిగతా గంటల్లో.

ఎంజీబీ 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారైంది. ఐదు లక్షలకు పైగా చేశారు, అందులో ఎక్కువ భాగం అమెరికాకి వెళ్ళాయి. కాబట్టి బ్రిటన్‌లో ఉన్నా, అమెరికాలో ఉన్నా మనవాళ్ళకి మొదటి పాత స్పోర్ట్స్ కారుగా దొరికేది చాలాసార్లు ఇదే. ఇందులోని 1798 సీసీ బీ-సిరీస్ ఇంజిన్ మనకి మరీ కొత్త మొహం కూడా కాదు. 1959 నుంచి మన అంబాసిడర్‌లో వచ్చిన 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఈ కుటుంబంలోదే. విజయవాడ ఆటోనగర్‌లో చెట్టుకొమ్మకో ముక్కాలి స్టాండుకో చైన్ బ్లాకు కట్టి అంబాసిడర్ ఇంజిన్ దించడం చూసినవాళ్ళు, ఎంజీబీ బానెట్ ఎత్తగానే "ఓ, ఇదా!" అంటారు. పోత ఇనుము బ్లాకు, పక్కన క్యామ్ షాఫ్ట్, పుష్ రాడ్లు, పైన రాకర్లు. కంప్యూటర్ లేదు, సెన్సార్ లేదు. విప్పదలచుకున్న ప్రతిదీ కంటికి కనిపిస్తుంది, చేతికి మాత్రం అన్నీ అందవు.

నా కారు 1972 మోడల్. కింద చెప్పేది దాన్ని బట్టే. మీది వేరే ఏడాదిదైతే తేడా వచ్చే చోట్లు చెబుతూ వెళ్తాను.

ముందు ఏ ఇంజిన్ కొనాలో తేల్చుకోండి

అసలు మార్చాల్సిన అవసరం ఉందా అని ఒక పూట పరీక్ష చేయండి. బాగా వేడెక్కిన ఇంజిన్‌కి నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ 50 నుంచి 80 పీఎస్ఐ మధ్య, ఐడిలింగ్‌లో 10 నుంచి 25 మధ్య ఉండాలి. డాష్‌బోర్డు మీటర్‌ని నమ్మకుండా వేరే గేజ్ పెట్టి చూడండి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కూడా కొలవండి. ఒక్క సిలిండరే పడిపోయిందంటే తప్పు హెడ్డులోనో గ్యాస్కెట్‌లోనో ఉండవచ్చు, దానికి ఇంజిన్ దించక్కర్లేదు. నాలుగూ పడిపోయి, వెనక నీలం పొగ వస్తూ, కింద నుంచి బేరింగుల చప్పుడు వినిపిస్తుంటే ఇక ఆలోచించకండి.

కొనేటప్పుడు ఇంజిన్ నంబరు ముందున్న అక్షరాలు చూడండి. 18జీ, 18జీఏ అంటే మొదటి రకం, క్రాంక్ షాఫ్ట్‌ని మూడు మెయిన్ బేరింగులు మోస్తాయి. 1964 చివర్లో వచ్చిన 18జీబీ నుంచి ఐదు బేరింగులు. 1967 చివర్లో మార్క్ 2 కారుతో పాటు గేర్‌బాక్స్ కూడా మారింది, నాలుగు గేర్లకీ సింక్రోమెష్ (గేర్లు కొరకకుండా పడేలా చేసే ఏర్పాటు) వచ్చింది. తర్వాతి కార్లలో 18వీ. ఇంజిన్లు బయటికి ఒకేలా కనిపిస్తాయి కానీ వెనక ఉండే ప్లేటు, ఫ్లైవీల్, స్టార్టర్, క్రాంక్ చివర గేర్‌బాక్స్ షాఫ్ట్ కొన కూర్చునే చిన్న స్పిగాట్ బుష్ మాత్రం గేర్‌బాక్స్‌ని బట్టి మారతాయి. తర్వాతి ఇంజిన్‌ని ముందరి గేర్‌బాక్స్‌కి కలపాలంటే వీటన్నిటినీ మార్చుకోవాలి. మొదటిసారి చేస్తున్నవాళ్ళు ఆ జోలికి పోవద్దు. మీ కారులో ఏ రకం ఉందో అదే రకం తెచ్చుకోండి.

వీ8 పెట్టించుకుంటే బాగుంటుందని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. 1973 నుంచి 1976 దాకా కంపెనీయే ఎంజీబీ జీటీలో రోవర్ 3.5 లీటర్ల వీ8 పెట్టింది. అది అల్యూమినియం ఇంజిన్ కాబట్టి బరువులో పెద్ద తేడా లేదు కూడా. కానీ రేడియేటర్, ఎగ్జాస్ట్, స్టీరింగ్ షాఫ్ట్, బ్రేకులు, వెనక యాక్సిల్ అన్నీ ఆలోచించుకోవాలి. అది ఇంజిన్ మార్చడం కాదు, ఇంకో కారు కట్టుకోవడం. బ్రిటన్‌లో ఉంటే ఇంకో చిక్కుంది. నలభై ఏళ్ళు దాటిన కారుకి ఎంఓటీ అనే ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష అక్కర్లేదు, అయితే గత 30 ఏళ్ళలో పెద్ద మార్పులేవీ చేసి ఉండకూడదు. అదే రకం ఇంజిన్ పెడితే అది పెద్ద మార్పు కిందికి రాదు. సిలిండర్ల సంఖ్యే మారితే ప్రశ్నలు మొదలవుతాయి.

రీకండిషన్ చేసిన ఇంజిన్ తీసుకుంటే "ఇందులో ఏమేం వస్తాయి?" అని రాతపూర్వకంగా అడగండి. షార్ట్ ఇంజిన్ అంటే బ్లాకు, క్రాంకు, పిస్టన్ల వరకే, హెడ్డు ఉండదు. ఫుల్ ఇంజిన్ అన్నా అందులో వాటర్ పంపు, వెనక ప్లేటు ఉండకపోవచ్చు. హెడ్డు వస్తుంటే సీసం లేని పెట్రోలుకి తగిన గట్టి ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు వేశారా అని కూడా అడగండి. పాత ఇంజిన్ తిరిగి ఇస్తామనే షరతు మీద చాలామంది డిపాజిట్ పట్టుకుంటారు, కాబట్టి పాతదాన్ని పారేయకండి.

సామాను

ఈ కారు బోల్టులు అంగుళాల లెక్క. ఇంట్లో ఉన్న మిల్లీమీటర్ల పానాలతో సరిపెడదామని అనుకోకండి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబర్ పానా దానికి పట్టినట్టే ఉంటుంది, తుప్పు పట్టిన బోల్టు మీద బలం వేయగానే జారి మూలలు గుండ్రంగా చేసేస్తుంది. 7/16, 1/2, 9/16, 5/8, 3/4 సైజుల్లో పానాలు, సాకెట్లు తెచ్చుకోండి. వీటితో పాటు టార్క్ రెంచి, ట్రాలీ జాకీ, నాలుగు మంచి స్టాండ్లు, ఇంజిన్ క్రేన్ కావాలి. క్రేన్‌ని అద్దెకి తీసుకోవచ్చు. దాని కొక్కేనికి తగిలించే లెవలర్ అనే పనిముట్టు ఉంటుంది. దాని మర తిప్పితే ఇంజిన్ ముక్కు పైకో కిందికో వాలుతుంది. అద్దె డబ్బు మిగిల్చుకుందామని దీన్ని వదిలేయకండి. ఎంజీబీ విషయంలో సగం పని అదే చేస్తుంది.

క్రేన్ చేయి ఎంత బయటికి లాగితే అంత తక్కువ బరువు మోస్తుంది. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి రెండు వందల కిలోలు దాటుతాయి. చేయి మీద 500 కిలోలు అని రాసి ఉన్న రంధ్రం దగ్గర పిన్ను పెట్టి, అక్కడి నుంచి ఇంజిన్ మధ్యకి అందుతుందో లేదో ముందే ఒకసారి తోసి చూసుకోండి.

జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచులు, పేపర్ టేపు, మార్కర్ పెన్ను. విప్పిన ప్రతి బోల్టూ సంచిలోకి, సంచి మీద పేరు. వీలైనచోట బోల్టుని విప్పిన రంధ్రంలోనే మళ్ళీ రెండు చుట్లు తిప్పి వదిలేయడం ఇంకా మంచిది. ఫోన్‌తో ఫోటోలు తీస్తారని నాకు తెలుసు. కానీ దగ్గర నుంచి తీసిన ఫోటోలో ఆ వైరు ఎక్కడి నుంచి వచ్చిందో మూడు వారాల తర్వాత మీకే తెలియదు. ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి తీయండి.

విప్పడం

మొదలుపెట్టడానికి వారం ముందు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కింద సైలెన్సర్ పైపు కలిసే చోట ఉన్న నట్ల మీద రోజూ కాస్త పెనిట్రేటింగ్ ఆయిల్ చల్లుతూ ఉండండి. నేను మూడు రోజులే చల్లాను. ఒక స్టడ్ విరిగింది.

బ్యాటరీ మొదట. 1974 దాకా వచ్చిన కార్లలో సీట్ల వెనక రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు ఉంటాయి, తర్వాతి వాటిలో ఒకటే. ఎర్త్ వైరు విప్పి పక్కకి కట్టేయండి. 1967 చివరి వరకు వచ్చిన కార్లలో ఎర్త్ పాజిటివ్ అని గుర్తుంచుకోండి. మధ్యలో ఎవరైనా నెగటివ్‌కి మార్చి ఉండవచ్చు కూడా, కాబట్టి రంగు చూసి కాదు, వైరు ఎక్కడికి వెళ్తోందో చూసి నిర్ధారించుకోండి.

బానెట్ కీళ్ళ చుట్టూ మార్కర్‌తో గీత గీసి, ఇద్దరు పట్టుకుని దించండి. ఫెండర్ల మీద పాత దుప్పట్లు పరవండి. తర్వాత నీళ్ళు, ఆయిల్ వదలాలి. కూలెంట్ ఐదున్నర లీటర్ల దాకా, ఇంజిన్ ఆయిల్ నాలుగు లీటర్ల పైచిలుకు వస్తుంది. గేర్‌బాక్స్ ఆయిల్ కూడా ఇప్పుడే వదిలేయండి. రేడియేటర్, దాన్ని పట్టుకునే రేకు, ముందున్న ఆయిల్ కూలర్ మూడూ కలిపి ఒకే ముక్కగా తీయడం సుళువు. విడివిడిగా తీయాలని కూర్చుంటే అందని బోల్టులతో ఒక సాయంత్రం పోతుంది.

కార్బరేటర్లు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఎడమవైపు ఉంటాయి. పెట్రోల్ పైపు విప్పే ముందు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా పెట్టుకోండి, గ్యారేజీ తలుపు తెరిచి ఉంచండి. రెండు కార్బరేటర్లూ కలిపి బయటికి తీసి, ఇన్‌లెట్ రంధ్రాల్లో గుడ్డలు కుక్కండి. ఎర్ర గుడ్డలే వాడండి, ఎన్ని కుక్కారో గోడ మీద రాయండి. నూనె మరకల గుడ్డ నల్లటి రంధ్రంలో కనపడదు, ఇంజిన్ స్టార్ట్ చేశాకే బయటపడుతుంది.

కుడివైపు డిస్ట్రిబ్యూటర్, స్టార్టర్, ఆల్టర్నేటర్ లేదా డైనమో. ఆల్టర్నేటర్ తీసేయండి, చోటు వస్తుంది. స్టీరింగ్ కుడివైపున్న కారైతే డిస్ట్రిబ్యూటర్ స్టీరింగ్ షాఫ్ట్‌కి దగ్గరగా ఉంటుంది. ఇంజిన్ ఊగినప్పుడు దాని పక్కనున్న వాక్యూమ్ డబ్బా తగిలి విరుగుతుంది. కాబట్టి డిస్ట్రిబ్యూటర్‌ని కూడా తీసేయడం మేలు.

ఇప్పుడు అన్నిటికంటే సున్నితమైన పని. టెంపరేచర్ మీటర్ నుంచి ఒక సన్నటి లోహపు గొట్టం వచ్చి ఇంజిన్ హెడ్డులోకి దిగుతుంది. అది వైరు కాదు. లోపల ఆవిరయ్యే ద్రవం ఉంటుంది, ఆ ఒత్తిడే మీటర్ ముల్లుని కదుపుతుంది. గొట్టం మడతపడినా, తెగినా మీటర్ పోయినట్టే, నిపుణులకి పంపి బాగుచేయించుకోవాలి. హెడ్డు దగ్గర నట్టు విప్పేటప్పుడు గొట్టం దానితో పాటు మెలిపడకుండా ఒక చేత్తో పట్టుకోండి. బయటికి వచ్చాక పెద్ద చుట్టగా చుట్టి, ఫైర్‌వాల్‌కి టేపుతో అంటించేయండి. చాలామంది ఇంజిన్ చక్కగా దించి, ఈ గొట్టం తెంపుకుంటారు. ఆయిల్ ప్రెషర్ పైపుని బ్లాకు వెనక దగ్గర విప్పండి. హీటర్ పైపులు, దాని కేబులు, థ్రాటిల్, చోక్ కేబుళ్ళు, ఎర్త్ పట్టీ. ఎర్త్ పట్టీ మర్చిపోతే ఇంజిన్ ఒక అంగుళం లేచి ఆగిపోతుంది, ఎందుకో అర్థం కాదు.

కారు కిందికి వెళ్ళండి. స్టాండ్ల మీద ఉందా, ఊపి చూశారా? జాకీ మీద ఉన్న కారు కిందికి ఎవ్వరూ, ఎంత చిన్న పనికైనా వెళ్ళకూడదు. ప్రొపెల్లర్ షాఫ్ట్, గేర్‌బాక్స్ కలిసే చోట రెండు ఫ్లాంజిల మీదా ఒకే గీత గీయండి, నాలుగు బోల్టులు విప్పి షాఫ్ట్‌ని పక్కకి కట్టండి. స్పీడోమీటర్ కేబులు, రివర్స్ లైటు వైర్లు, ఓవర్‌డ్రైవ్ (వేగంగా వెళ్ళేటప్పుడు ఇంజిన్ తిరుగుడు తగ్గించే అదనపు గేరు) ఉంటే దాని వైర్లు విప్పండి. క్లచ్ స్లేవ్ సిలిండర్‌ని (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్ ఒత్తిడితో క్లచ్‌ని కదిపేది) పైపు విప్పకుండా రెండు బోల్టులు తీసి పక్కకి వేలాడదీయవచ్చు, అప్పుడు గాలి తీసే పని తప్పుతుంది. అయితే ఆ తర్వాత క్లచ్ పెడల్ ఎవరూ తొక్కకూడదు. తొక్కితే పిస్టన్ బయటికి దూకుతుంది, ఫ్లూయిడ్ అంతా నేలపాలు. పెడల్ మీద కాగితం అంటించి "ముట్టుకోవద్దు" అని రాయండి. లోపలికి వెళ్ళి గేర్ లివర్ తీసేస్తే విప్పడం అయిపోయినట్టే.

ఎత్తడం

ఇంజిన్ ఒక్కటే తీయాలా, గేర్‌బాక్స్‌తో కలిపి తీయాలా అన్నది ఈ కారు ఉన్నవాళ్ళ మధ్య ఎప్పుడూ ఉండే గొడవ. నా ఓటు రెండూ కలిపి తీయడానికే. కారులో ఉండగా బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పుతూ గేర్‌బాక్స్‌ని ఇంజిన్‌కి కలిపే డబ్బా) పైవైపు బోల్టులు విప్పడం ఒక ఎత్తు అయితే, కొత్త ఇంజిన్‌ని ఇరుకులో గేర్‌బాక్స్ షాఫ్ట్ మీదికి తోయడం పది ఎత్తులు. నేల మీద అయితే ఆ పని కూర్చుని చేసుకోవచ్చు.

కింద పని అయిపోయాక ముందు చక్రాలని నేలకి దించి, వెనక భాగాన్ని స్టాండ్ల మీదే ఉంచండి. కారు ముక్కు కిందికి వాలి ఉంటే ఇంజిన్‌ని కాస్త తక్కువ వాల్చితే సరిపోతుంది, క్రేన్ ఎత్తాల్సిన ఎత్తు కూడా తగ్గుతుంది. బరువుకి తగిన పట్టీలు లేదా గొలుసు కట్టి, లెవలర్ తగిలించి, క్రేన్ బరువు అందుకునేదాకా పైకి తీయండి. ఇంజిన్ మౌంటింగులు విప్పండి. గేర్‌బాక్స్ కింద ట్రాలీ జాకీ, మధ్యలో చెక్క ముక్క పెట్టి గేర్‌బాక్స్‌ని మోసే వెనక అడ్డదూలం (క్రాస్‌మెంబర్) విప్పండి. గేర్‌బాక్స్ తోకకి ఒక ప్లాస్టిక్ సంచి గట్టిగా కట్టండి. వదిలేశాం అనుకున్న ఆయిల్ ఇంకా లోపల ఉంటుంది, తోక కిందికి వాలగానే అంతా కారుతుంది.

ఇక మీ సహాయకుడు కార్లో కూర్చుని గేర్ లివర్ రంధ్రం లోంచి చూస్తూ చెబుతుండాలి. మీరు క్రేన్ దగ్గర. కొద్దిగా ముక్కు పైకి, కొద్దిగా ముందుకి, జాకీ కాస్త కిందికి, మళ్ళీ ముక్కు పైకి. చివరికి ఇంజిన్ ముక్కు ఆకాశం వైపు, గేర్‌బాక్స్ తోక నేల వైపు, సుమారు 45 డిగ్రీల వాలులో బయటికి వస్తుంది. ఎక్కడ ఆగినా క్రేన్‌ని ఇంకోసారి పంపు చేయకండి. ఏదో తగులుతోంది, లేదా ఏదో విప్పలేదు. లైటు వేసి చూడండి. గాల్లో వేలాడే ఇంజిన్ కింద చేయి గానీ కాలు గానీ పెట్టకండి. బయటికి రాగానే వీలైనంత కిందికి దించాకే క్రేన్‌ని తోయండి.

కొత్తదాన్ని సిద్ధం చేయడం

నాకు తెలిసి ఈ మొత్తం పనిలో తొందరపడకూడని చోటు ఇదే. ఇప్పుడు ఐదు నిమిషాల్లో మార్చగలిగే చిన్న భాగం కోసం రేపు మళ్ళీ ఇంజిన్ దించాల్సి వస్తుంది. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, కార్బన్ రిలీజ్ బేరింగు, ఇంజిన్ వెనక ఆయిల్ సీలు, గేర్‌బాక్స్ ముందు సీలు, ఇంజిన్, గేర్‌బాక్స్ మౌంటింగ్ రబ్బర్లు. పాతవి బాగానే ఉన్నాయనిపించినా మార్చేయండి. స్పిగాట్ బుష్‌ని రాత్రంతా ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టి కొట్టండి. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, పగుళ్ళు ఉంటే లేత్ మెషిన్ మీద పైపొర తీయించండి.

ఫ్లైవీల్ బోల్టులు 40 పౌండ్-ఫుట్లు, అంటే సుమారు 54 న్యూటన్ మీటర్లు. ప్రెషర్ ప్లేటు బోల్టులని ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ 25 నుంచి 30 పౌండ్-ఫుట్లకి తేవాలి. మధ్యలో క్లచ్ ప్లేటు సరిగ్గా నడిమధ్యకి రావడానికి ప్లాస్టిక్ అలైన్‌మెంట్ టూల్ వాడండి.

ఇక నా తప్పు. క్లచ్ ప్లేటుకి రెండు వైపులూ ఒకేలా ఉండవు. ఒకవైపు మధ్యభాగం ఎక్కువ ఉబ్బుగా ఉంటుంది. ఏ వైపు ఫ్లైవీల్‌కి ఉండాలో సాధారణంగా దాని మీదే రాసి ఉంటుంది. ఆ శనివారం సాయంత్రం చీకటి పడుతోంది, నేను చదవలేదు, తిరగేసి పెట్టాను. ఇంజిన్ లోపలికి వెళ్ళింది, అన్నీ కలిపాను, స్టార్ట్ అయింది, పండగ. క్లచ్ తొక్కి మొదటి గేరు వేయబోతే పళ్ళు కొరికిన చప్పుడు. క్లచ్ విడిపోవడమే లేదు. స్లేవ్ సిలిండర్‌లో గాలి ఉందేమో అని రెండు గంటలు దాన్ని పంపు చేస్తూ కూర్చున్నాను, ఎందుకంటే అసలు కారణం నాకు లోలోపల తెలుసు, ఒప్పుకోబుద్ధి కాలేదు. మొత్తం మళ్ళీ విప్పాను. మీరు ప్లేటు పెట్టే ముందు దాని మీద రాసింది చదవండి, ఫోటో తీయండి, పక్కనున్నవాళ్ళకి చూపించండి.

ఇంజిన్, గేర్‌బాక్స్ జతచేయడం నేల మీదే. గేర్‌బాక్స్‌ని ఏదో ఒక గేర్‌లో వేసి, బెల్ హౌసింగ్‌ని ఇంజిన్‌కి సమాంతరంగా తెచ్చి, వెనక ఫ్లాంజిని మెల్లగా తిప్పుతూ తోస్తే షాఫ్ట్ పళ్ళు ప్లేటులోకి దిగుతాయి. చుట్టూ సందు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. చివరి సెంటీమీటరు చేత్తోనే మూయాలి. బోల్టులు బిగించి దగ్గరికి లాగితే స్పిగాట్ బుష్షో, క్లచ్ ప్లేటో, బెల్ హౌసింగో దెబ్బతింటుంది. ఇంకో మాట, గేర్‌బాక్స్ బరువంతా ఆ సన్నటి షాఫ్ట్ మీద ఒక్క క్షణం కూడా వేలాడకూడదు. కింద చెక్కముక్కలో, ఇంకో జాకీయో ఉండాలి.

ఖాళీ ఇంజిన్ గది కనిపించేది ఇప్పుడే. గ్రీజు కడగండి, తుప్పు గీకి రంగు వేయండి, స్టీరింగ్ ర్యాక్ రబ్బరు తొడుగులు, బ్రేక్ పైపులు చూడండి. పెట్రోల్ రబ్బరు పైపులన్నీ మార్చేయండి. బ్రిటన్‌లో 2021 నుంచి మామూలు పెట్రోల్ ఈ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిపినది), దానిలోని ఇథనాల్ పాత రబ్బరుని మెత్తబరుస్తుంది. కొత్త పైపులు వేసినా నేను ఈ5 సూపర్ పెట్రోలే పోస్తాను.

లోపలికి దించడం

వచ్చిన దారినే వెళ్తుంది, కాకపోతే ఈసారి తోక ముందు. సీట్ల మధ్య నేల కింద ఉన్న సొరంగంలోకి గేర్‌బాక్స్ దూరుతుండగా లెవలర్ తిప్పుతూ ఇంజిన్‌ని చదును చేస్తూ పోవాలి. ముందు క్రాస్‌మెంబర్ మీద సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) తగలకుండా ఒకరు కిందికి చూస్తుండాలి. మౌంటింగ్ బోల్టులన్నీ రెండేసి చుట్లే బిగించి వదిలేయండి. అన్నీ రంధ్రాల్లో పడ్డాకే గట్టిగా బిగించండి. ఒకటి ముందే బిగించారా, చివరిది ఎప్పటికీ దారికి రాదు.

తర్వాతదంతా సంచులు, ఫోటోల పని. అందుకే వాటి మీద అంతగా చెప్పాను. ఎర్ర గుడ్డలు లెక్కపెట్టండి. గేర్‌బాక్స్‌లో ఆయిల్ పోయడం చాలామంది మర్చిపోతారు. ఎంజీబీ గేర్‌బాక్స్‌లో కూడా ఇంజిన్‌లో పోసే 20డబ్ల్యూ-50 ఆయిలే. ఓవర్‌డ్రైవ్ ఉంటే దాదాపు 3.4 లీటర్లు.

మొదటి స్టార్ట్

స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీసేసి, కాయిల్ వైరు విప్పి, స్టార్టర్‌తో పది పది సెకన్లు తిప్పండి. మధ్యలో స్టార్టర్ చల్లారనివ్వండి. ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా ఇదే. కూలర్, పైపులు, ఫిల్టర్ ఖాళీగా ఉన్నాయి కాబట్టి కాస్త టైమ్ పడుతుంది, టెన్షన్ పడకండి. అయినా నిమిషం పైన తిప్పినా ముల్లు కదలకపోతే ఆపేసి కారణం వెతకండి. ప్రెషర్ లేకుండా "ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం" అనడం మాత్రం వద్దు.

డిస్ట్రిబ్యూటర్ పెట్టేటప్పుడు నాలుగో సిలిండర్ వాల్వులు రెండూ ఊగే దశలో, అంటే ఒకటి మూసుకుంటూ ఇంకొకటి తెరుచుకుంటూ ఉండగా, ఒకటో సిలిండర్ కంప్రెషన్ పైన ఉన్నట్టు. ఫైరింగ్ వరుస 1-3-4-2, రోటర్ ఎడమ తిరుగుడు. టైమింగ్ ఎన్ని డిగ్రీలన్నది ఇంజిన్ నంబరుని బట్టి మారుతుంది, మీ కారు పుస్తకం చూడండి.

కొత్త క్యామ్ షాఫ్ట్ వేసిన ఇంజిన్ అయితే స్టార్ట్ అయిన వెంటనే ఐడిలింగ్‌లో వదలకూడదు. 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య ఇరవై నిమిషాలు ఉంచండి. క్యామ్‌కి ఆయిల్ అందేది చిమ్మడం వల్ల. మెల్లగా తిరిగితే చాలినంత చిమ్మదు, కొత్త క్యామ్, దాని టాపెట్లు మొదటి పావుగంటలోనే అరిగిపోతాయి. అందుకే స్టార్ట్ చేసే ముందే నీళ్ళు, పెట్రోలు, టైమింగ్ అన్నీ సరిచూసుకోవాలి, స్టార్ట్ అయ్యాక సరిచేసుకుందామంటే కుదరదు. ఆయిల్ కూడా జింకు కలిపిన, పాత ఇంజిన్లకని అమ్మే రకమే పోయండి. ఆ ఇరవై నిమిషాలూ ఒకరు టెంపరేచర్, ఆయిల్ ముళ్ళు చూస్తుండాలి, ఇంకొకరు టార్చితో కారు చుట్టూ తిరుగుతూ లీకులు చూడాలి. ఎగ్జాస్ట్ మీద కొత్త రంగు పొగ వస్తుంది, కంగారు పడకండి. పొరుగువాళ్ళకి ముందే చెప్పి ఉంచండి.

చల్లారాక టాపెట్ల సందు 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.38 మిల్లీమీటర్లు ఉందో చూడండి. మొదటి ఐదు వందల మైళ్ళు ఒకే వేగంలో చాలాసేపు నడపకుండా, గట్టిగా తొక్కకుండా నడిపి, ఆ తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చండి. హెడ్డు నట్లు మళ్ళీ బిగించాలా అన్నది వేసిన గ్యాస్కెట్ రకాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లో అయితే కొత్త ఇంజిన్ నంబరుని డీవీఎల్ఏకి (వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ) తెలియజేసి వి5సి లాగ్‌బుక్‌లో మార్పించండి.

మొదటి వారం రోజూ రాత్రి కారు కింద ఒక పెద్ద అట్టముక్క పరవండి, పొద్దున్నే చుక్కలు ఎక్కడ పడ్డాయో పెన్నుతో గుర్తు పెట్టండి. ఈ కార్లు కాస్త కారడం మామూలే, ముందువైపు రెండు చుక్కలు పడితే నేనైతే పట్టించుకోను. బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం, అందులో ఒక స్ప్లిట్ పిన్ను వేలాడుతూ ఉంటుంది. చుక్కలు దాని కిందే పడుతుంటే ఇంజిన్ వెనక సీలో, గేర్‌బాక్స్ ముందు సీలో కారుతున్నట్టు. రెండిట్లోనూ ఉండేది ఒకే ఆయిల్ కాబట్టి వాసన, రంగు చూసి తేల్చలేరు. నెల రోజుల పాటు ఇంజిన్ డిప్‌స్టిక్, గేర్‌బాక్స్ లెవెల్ రెండూ రాసి పెట్టుకోండి, ఏది తగ్గుతోందో దాన్ని బట్టి తెలుస్తుంది.